మీకు తెలుసా? బందరు కోటకు కాపలా కాసిన బురద

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు ఉక్కు కొనడానికి మన ఆర్మూరు వైపు వచ్చేవారని మీకు తెలుసా? ఆర్మూరుకు తూర్పున, నిజామాబాద్ జిల్లాలోనే ఉన్న కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820ల తొలినాళ్లలో సర్వే బృందంతో నిజాం రాజ్యమంతా తిరిగిన హెన్రీ వాయ్‌సీ అనే డాక్టరు ఆ కొలుములను స్వయంగా చూశాడు. అక్కడి పని తీరునూ, ఉక్కు కోసం వచ్చే పారశీక వ్యాపారుల సంగతినీ రాసిపెట్టాడు. అతను చనిపోయాక, 1832లో ఆ రాత అచ్చయింది. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా చెప్పుకున్న వాటికి కావలసిన ఉక్కు ఇలాంటి తెలంగాణ ఊళ్లలో కూడా తయారైంది.

అంతకు ముందు, 17వ శతాబ్దంలో, గోల్కొండ రాజ్యపు ఇనుమునూ ఉక్కునూ డచ్ కంపెనీ తూర్పు తీరంలో ఓడలకెక్కించి పంపింది. కొల్లూరు వజ్రాలు, పెడన వైపు నేసి అద్దిన కలంకారీ బట్టలు, నాగులవంచ నీలిమందు కూడా సముద్రం దాకా ఎద్దుల మీదో బండ్ల మీదో వెళ్లినవే. ఆర్మూరు నుంచి బందరుకు (మచిలీపట్నానికి) ఇప్పుడు రోడ్డు మీద ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. సముద్రం మనకు దూరం నిజమే. కానీ మన సరుకుకు ఎప్పుడూ ఒక రేవు కావలసే వచ్చింది. ఆ రేవును ఎవరు కాచారు, ఎలా కాచారు అన్నది ఈ వారం మన సంగతి.

కోట అనగానే మనకు గుట్ట గుర్తొస్తుంది. ఇందూరు, అంటే నిజామాబాద్ ఖిల్లా గుట్ట మీదే ఉంది. గోల్కొండ, భువనగిరి, దేవరకొండ అన్నీ అంతే. శత్రువు కింద, మనం పైన. మరి రేవును కాచే కోట ఎక్కడ కట్టాలి?

ఎత్తు కాదు, నీటి మట్టం

దీనికి జవాబు వెతుక్కున్నవాళ్లలో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఒకడు. అతను రోము చర్చితో తెగతెంపులు చేసుకున్నాడు. 1538లో ఫ్రాన్సు రాజూ, స్పెయిన్‌ను కూడా ఏలుతున్న చక్రవర్తి అయిదో చార్లెసూ పోప్ మధ్యవర్తిత్వంతో పోట్లాట మాని చేతులు కలిపారు. ఆ ఇద్దరూ కలిసి తన మీదికి ఓడల్లో వస్తారని హెన్రీకి భయం పట్టుకుంది. 1539 నుంచి దక్షిణ తీరం పొడవునా వరసగా కోటలు కట్టించాడు. మఠాలను రద్దు చేసి లాక్కున్న సొమ్ము వాటికి పెట్టుబడి అయింది. కొన్నిచోట్ల కూలగొట్టిన మఠాల రాళ్లూ, పైకప్పుల సీసమూ నేరుగా ఆ కోటలకే చేరాయి.

వాటిలో ఫాల్మత్ రేవు జంట కోటలను చూస్తే లెక్క తెలుస్తుంది. రేవు ముఖం వెడల్పు సుమారు ఒక మైలు. పడమటి ఒడ్డున పెండెన్నిస్, తూర్పు ఒడ్డున సెయింట్ మాస్. ఒక్క ఒడ్డున మాత్రమే కోట ఉంటే అప్పటి ఫిరంగి గుండు అవతలి ఒడ్డు దాకా గట్టిగా తగలదు. రెండు ఒడ్ల నుంచీ కాలిస్తే నడిమధ్యన పోయే ఓడ కూడా ఏదో ఒక కోట గుండుకు చిక్కుతుంది. అందుకే జంటగా కట్టారు.

ఇక ఎత్తు. సెయింట్ మాస్ కోట నీటికి దగ్గరగా, పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో ఇంకో మూడు. పెండెన్నిస్ కొండకొమ్ము మీద ఉంటే, ఆ కొమ్ము అడుగున సరిగ్గా అలల పక్కన లిటిల్ డెన్నిస్ అనే చిన్న ఫిరంగి గది వేరే కట్టారు. ఎందుకంటే పైనుంచి కాల్చిన గుండు ఓడకు తగిలితే తగిలినట్టు, లేదంటే నేరుగా నీళ్లలో మునిగినట్టు. నీటి మట్టం నుంచి కాల్చిన గుండు నీటిని ఒరుసుకుంటూ ఎగిరెగిరి పోయి ఓడ పొట్టలో దిగుతుంది. గుట్ట మీది కోటకు ఎత్తే బలం. రేవు కోటకు ఎత్తు ఒక్కోసారి అడ్డమే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ కోటలు సముద్రం వైపు చూస్తూ కట్టినవి. వందేళ్ల తర్వాత ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు పార్లమెంటు సైన్యం నేల మీద నడిచి వచ్చింది. సెయింట్ మాస్ వెనకంతా ఎత్తు నేల. అక్కడ ఫిరంగులు పెడితే కోట నిలవదని లోపలివాళ్లకు అర్థమైంది. 1646 మార్చిలో ఒక్క గుండు కాల్చకుండా లొంగిపోయారు. ఎదుటి ఒడ్డున పెండెన్నిస్ మాత్రం ఆగస్టు దాకా, తిండి అయిపోయేదాకా నిలబడింది. ఒకే రాజు, ఒకే కాలంలో, ఒకే రేవు కోసం కట్టించిన కోటలు అవి. వెనక ఉన్న నేలే రెండింటి కథనూ వేరు చేసింది. బందరు దగ్గరికి వచ్చేసరికి ఈ మాట గుర్తుంచుకోండి.

గోడ లేని మహారేవు

కుతుబ్‌షాహీల కాలంలో తూర్పు తీరమంతటికీ పెద్ద రేవు బందరు, అంటే మచిలీపట్నం. డచ్చివాళ్లు 1605 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో అక్కడ వ్యాపార కొఠీలు తెరిచారు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆ ఊళ్లో ఇళ్లన్నీ కట్టెతో కట్టినవే అంటూనే, బంగాళాఖాతంలో లంగరు వేయడానికి అంతకన్నా మంచి చోటు లేదంటాడు. అక్కడి నుంచి పెగూ, సయాం, అరకాన్, సుమత్రా, మక్కా, హోర్ముజ్ దాకా ఓడలు వెళ్తాయని జాబితా రాశాడు.

అంత పెద్ద రేవు పట్టణానికి చుట్టూ గోడ లేదు. 1618 నుంచి కొన్నేళ్లు అక్కడ కొఠీలో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ ఈ సంగతి స్పష్టంగా రాశాడు. ఊరు చిన్నదే అయినా జనం కిక్కిరిసి ఉంటారనీ, ప్రాకారం లేదనీ, ఊళ్లో నీళ్లన్నీ ఉప్పనేననీ, సముద్రం పొంగినప్పుడల్లా చుట్టూ మునుగుతుందనీ అతని వర్ణన. గోల్కొండకు అన్ని వరసల గోడలు కట్టిన రాజులు తమ ఖజానాకు ప్రాణమైన రేవును ఇలా వదిలేశారేమిటని మొదట ఆశ్చర్యం వేస్తుంది.

కారణం ఆ నీళ్లలోనే ఉంది. ఫాల్మత్ లోతైన రేవు. పెద్ద ఓడ లోపలిదాకా వస్తుంది కాబట్టి రేవు ముఖాన్ని మూయాలి. బందరు దగ్గర కృష్ణ తెచ్చి పోసిన మట్టితో తీరం మైళ్ల కొద్దీ లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు చాలా దూరంలో, నడిసముద్రంలో లంగరు వేసుకోవాలి. అక్కడి నుంచి సరుకు చిన్న పడవల్లో ఉప్పుటేరు గుండా ఊళ్లోకి వస్తుంది. శత్రువు యుద్ధనౌక వచ్చినా ఊరిమీద గుండు వేయగలిగేంత దగ్గరికి రాలేదు. ఒడ్డు మీది ఫిరంగి కూడా ఆ దూరాన ఉన్న సొంత ఓడను కాపాడలేదు. అంటే బందరులో కోట కట్టినా అది కాచేది ఓడలను కాదు. ఉప్పుటేరునూ, గిడ్డంగులనూ, ఏటి ముఖాన ఎక్కించి దించే సరుకునూ మాత్రమే. కాబట్టి గోడ లేకపోవడం కుతుబ్‌షాహీల నిర్లక్ష్యమని నేను అనుకోను. అయితే దానికి మూల్యం కూడా ఉంది. బాకీల తగాదాలో 1686లో డచ్చివాళ్లు ఆ ఊరిని ఆక్రమించుకుంటే ఆపడానికి అడ్డంగా ఏమీ లేకపోయింది.

1759 ఏప్రిల్ 7, అర్ధరాత్రి

బందరుకు అసలైన కోట రూపం ఫ్రెంచివాళ్ల చేతిలో వచ్చింది. 1750 నుంచి ఆ ఊరు వాళ్ల అధీనంలో ఉంది. ఊరికి ఆగ్నేయంగా, సముద్రపు పాయ పక్కన ఉన్న కోటను బలపరిచారు. మట్టి గోడలకు ఇటుక కట్టు, పదకొండు బురుజులు, చుట్టూ నీళ్ల కందకం. ఊరికీ కోటకూ మధ్య మైలుకు పైగా బురద నేల. దాని మీదుగా ఒక్కటే కట్ట బాట. ఆ బాట కోటను చేరే చోట ద్వారానికి ముందు ఒక కాపు బురుజు. నైరుతి మూల మాత్రం కందకం తవ్వలేదు. అక్కడ ఉన్న చిత్తడిలో మనిషి దిగితే లేవడని వాళ్ల ధీమా.

1758 డిసెంబరు 7న పెద్దాపురం దగ్గర చెందుర్తి యుద్ధంలో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు ఆనంద గజపతి సేనలతో కలిసి 1759 మార్చి 6న బందరు చేరాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. బయట ఉన్న ఫోర్డ్ పరిస్థితే అధ్వానం. జీతాలు లేక తెల్ల సైనికులే ఎదురు తిరిగారు. హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో ఫ్రెంచివాళ్లకు సాయంగా బెజవాడ వైపు వచ్చేశాడు. రోజూ పగలు ఫోర్డ్ ఫిరంగులు గోడను కొట్టడం, రాత్రి లోపలివాళ్లు పూడ్చుకోవడం. ఏప్రిల్ 7న లెక్క చూస్తే మందుగుండు ఇంకో రెండు రోజులకే ఉంది.

అప్పుడు రెండు సంగతులు ఫోర్డ్‌కు పనికొచ్చాయి. ఒకటి, నైరుతి చిత్తడి దాటరానిదేమీ కాదని వెళ్లి చూసినవాళ్లు చెప్పారు. అడుగు దిగుతుంది, నడక నెమ్మది, కానీ మనిషి దాటగలడు. రెండోది సముద్రపు వేళ. అర్ధరాత్రికి ఆటు. అంటే నీరు తీసే సమయం. ఈశాన్య బురుజు వైపు కందకంలో నీళ్లు అప్పుడే బాగా తగ్గుతాయి. దాడి ముహూర్తాన్ని సముద్రమే పెట్టింది.

మూడు దిక్కుల నుంచి కదిలారు. కెప్టెన్ నాక్స్ మనుషులు బురదలోంచి నైరుతి వైపు వెళ్లి కాల్పులు మొదలుపెట్టారు. అది మాయదాడి. ఆనంద గజపతి సేన కట్ట బాట మీద ద్వారం ముందు గొడవ చేసింది. అదీ మాయదాడే. అసలు దాడి ఈశాన్యాన, దెబ్బతిన్న బురుజు మీద. లోపల కాన్‌ఫ్లాన్స్‌కు ఒక్కో మూల నుంచి ఒక్కో కబురు వచ్చింది. ఎటు మనుషులను పంపాలో తేలలేదు. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. సుమారు 500 మంది యూరోపియన్లు, 2,500 మందికి పైగా సిపాయిలూ ఇతర సైనికులూ పట్టుబడ్డారు. 120 ఫిరంగులు చేజిక్కాయి. బయటి నుంచి కొట్టినవాళ్లలో తెల్ల సైనికులు మూడు వందల యాభై లోపు, సిపాయిలు పద్నాలుగు వందల ప్రాంతం. లోపలివాళ్లే ఎక్కువ.

మరో వారానికి ఫ్రెంచి ఓడలు రెండు, మూడు వందల మంది సైనికులతో బందరు ముందుకు వచ్చాయి. కోట మీద తమ జెండా లేదని తెలిసి ఉత్తరానికి వెళ్లిపోయాయి.

ఈ ముట్టడి మీద ఎన్నో పుస్తకాలు ఫోర్డ్ ధైర్యం గురించే చెబుతాయి. ధైర్యం సంగతి సరే. ఆ చిత్తడి ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎప్పుడు నీరు తీస్తుందో బందరు పల్లెకారులకు తరతరాలుగా తెలిసిన విషయమే. తొమ్మిదేళ్లు ఆ కోటలో కూర్చున్నవాళ్లు బురదను గోడగా లెక్కేశారు. దాన్ని దాటి చూడాలని వాళ్లకు తోచలేదు. సెయింట్ మాస్ వెనక ఉన్న ఎత్తు నేల ఆ కోటకు ఏం చేసిందో ఈ చిత్తడి బందరు కోటకు అదే చేసింది.

ఇందూరుకు రాసిచ్చిన రేవు

ఆ ఒక్క రాత్రి ఫలితం మన వైపు దాకా వచ్చింది. 1759 మే 14న సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని బందరు ప్రాంతాన్నీ, నిజాంపట్నం సర్కారునూ వాళ్లకు వదిలేశాడు. నిజాం అలీ ఖాన్ 1766లో గుంటూరు తప్ప మిగతా ఉత్తర సర్కారులను, 1788లో గుంటూరును కూడా ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. హైదరాబాద్ రాజ్యం చుట్టూ నేల మాత్రమే మిగిలింది. ఇందూరు, ఆర్మూరు, బాల్కొండ ఉన్న రాజ్యానికి సొంత రేవంటూ లేకుండా పోయింది.

అయితే 1802 ఏప్రిల్‌లో కంపెనీకీ నిజాంకూ మధ్య ఒక వ్యాపార ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం మచిలీపట్నం రేవును నిజాం స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అక్కడ తన కొఠీ పెట్టుకోవచ్చు, తన మనుషులను ఉంచుకోవచ్చు. అంటే సముద్రం కనిపించని మన జిల్లాకు కూడా కాగితం మీద ఒక రేవు మీద హక్కు ఉండేది. తర్వాత నూట నలభై ఏళ్లకు పైగా గడిచాక, 1947-48లో హైదరాబాద్ ప్రభుత్వం గోవా రేవు కోసం పోర్చుగీసువాళ్లతో మాట్లాడే ప్రయత్నం చేసింది. సముద్రం లేని లోటు చివరి నిజాం దాకా ఆ రాజ్యాన్ని వదల్లేదు.

కోట మాటకొస్తే, శత్రువు వదిలేసినా సముద్రం దాన్ని వదల్లేదు. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన బందరును ముంచెత్తింది. నీరు పదమూడు అడుగుల ఎత్తున లేచిందనీ, ముప్పై వేల మంది పోయారనీ అప్పటి ప్రభుత్వ లెక్కలు. ఫిరంగుల కోసం కట్టిన గోడ అలను ఆపలేదు. అంతకు ముందే కలకత్తా, మద్రాసు రేవుల ముందు వెలవెలబోయిన ఆ పట్టణం ఆ రాత్రి తర్వాత పాత దశకు మళ్లీ రాలేదు.

రాతి మీద రాసిన రక్షణ

రేవును గోడతోనే కాచాలని లేదు. ఓరుగల్లు నుంచి ఏలిన కాకతి గణపతిదేవుడు 1244-45లో, నేటి చీరాల దగ్గరి మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. చరిత్రలో దాన్ని అభయ శాసనం అంటారు. అంతకు ముందు రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. అప్పటి ఆనవాయితీ అది. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర తీసుకోవలసిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాయించాడు. ఎగుమతి దిగుమతులకు ముప్పైలో ఒక వంతు సుంకం. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం లాంటి సరుకులకు విడివిడిగా రేట్లు కూడా చెక్కించాడు.

ఈ కాలమ్‌లో చెప్పిన రక్షణలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. సముద్రానికి అంత దూరాన ఉన్న తెలంగాణ రాజు, రేవుకు కావలసింది కోట బురుజు కాదనీ, వచ్చినవాడి సరుకుకు భరోసా అనీ ఆనాడే గ్రహించాడు. అదే శతాబ్దం చివర్లో మార్కో పోలో రాసిన ముత్ఫిలి రాజ్యం ఈ మోటుపల్లి పేరుతోనే ఉంది. పన్నుల మోతకు సరుకు దాచుకునే ఏ మార్కెట్‌లోనైనా ఈ శాసనం చదివి వినిపించవచ్చు.

ఇసుక మేట చాటున

ఇంగ్లీషువాళ్లు ఇండియాలో మొదట ఫిరంగులు బిగించి కట్టుకున్న స్థావరం మద్రాసు కాదు. నెల్లూరుకు దక్షిణాన ఉన్న దుగరాజపట్నం. 1626లో అక్కడ కొఠీ పెట్టి చుట్టూ పన్నెండు ఫిరంగులు నిలిపారు. వాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగావ్. పదమూడు, పద్నాలుగేళ్లకు మద్రాసుకు మారిపోయారు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో కొత్త పెద్ద రేవు కట్టాలని రాసిన ఊరు కూడా ఇదే.

ఆ ఊరి ముందు సముద్రంలో పొడవైన ఇసుక మేట ఉంది. బయటి అలలు దాని మీద విరిగి, లోపల ఓడలకు కొంత నెమ్మదైన నీరు దొరుకుతుంది. ఎనిమిదో హెన్రీ కెంట్ తీరంలో డీల్, వాల్మర్, శాండౌన్ అనే మూడు కోటలను పక్కపక్కన కట్టించింది కూడా సరిగ్గా ఇలాంటి చోటే. అక్కడ గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక మేట చాటున వందల ఓడలు గాలి కోసం లంగరు వేసుకుని ఆగేవి. అలలను ఇసుక ఆపుతుంది. శత్రువును ఆపే పని ఫిరంగులది.

దుగరాజపట్నానికి ఇంకా దక్షిణాన, పులికాట్ సరస్సు ముఖాన, డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అంతకు ముందు ఏడాది పోర్చుగీసువాళ్లు వచ్చి వాళ్ల కొఠీని ధ్వంసం చేసి పోవడమే అందుకు కారణం. 1690 దాకా కోరమాండల్ తీరంలో డచ్చి పెత్తనమంతా అక్కడి నుంచే నడిచింది.

ఇసుక మేటల సంగతి వచ్చింది కాబట్టి మన గోదావరి గురించి. పోచంపాడు మీదుగా పోయే నది కోట్ల టన్నుల మట్టిని సముద్రంలో పోసింది. ఆ మట్టి, ఇసుక రెండు శతాబ్దాల లోపే పేరుకుని కాకినాడ ముందు సుమారు 16 కిలోమీటర్ల పొడవైన హోప్ ఐలాండ్ అయింది. కాకినాడ రేవుకు సముద్రం పోటు నేరుగా తగలకుండా అడ్డం నిలబడింది అదే. ఎవరూ కట్టని ఆ గట్టులో మన ఎగువ నేలల మన్నూ ఉంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ కట్టాక ఆ మట్టిలో కొంత మన దగ్గరే ఆగి, ప్రాజెక్టులో పూడికై కూర్చుంటోంది.

ఒడ్డు ఫిరంగుల నీడలో

తెలుగు తీరంలో ఒడ్డు మీది ఫిరంగులూ ఓడా కలిసి పోరాడిన సందర్భం ఒకటి ఉంది. 1804 సెప్టెంబరు 15. విశాఖపట్నం ముందు ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్ రెండు సరుకు ఓడలకు కాపలాగా లంగరు వేసి ఉంది. కెప్టెన్ లిండ్ పని మీద ఒడ్డున ఉన్నాడు. అంతలో ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు యుద్ధనౌకలతో దక్షిణం నుంచి వచ్చాడు. అతని పెద్ద ఓడ మరెంగోకు 74 ఫిరంగులు. సెంచూరియన్‌కు 50.

సెంచూరియన్ ఒడ్డుకు దగ్గరగా, ఊరి ముందున్న మూడు ఫిరంగుల కాపు కేంద్రానికి అండగా నిలిచి కాల్చడం మొదలుపెట్టింది. లినువా దగ్గరికి రావాలంటే లోతు తక్కువ నీళ్లలోకి రావాలి. వచ్చాడు. మరెంగో ఇసుక మేటకు తగులుకుంది. విడిపించుకుని వెనక్కి తగ్గేసరికి సమయం గడిచిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు సెంచూరియన్ లంగరు తాడు గుండు దెబ్బకు తెగి, అది ఒడ్డు ఫిరంగులకు అందని దూరానికి కొట్టుకుపోయింది. అయినా లొంగలేదు. కాపలా ఉన్న సరుకు ఓడల్లో బార్నబీ అలల్లో ఒడ్డుకు కొట్టి ముక్కలైంది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్లకు చిక్కింది. ఆ ఒక్క ఓడతోనే లినువా వెళ్లిపోయాడు. మూడు ఫిరంగుల చిన్న కాపు కేంద్రం, దాని ముందున్న లోతు తక్కువ నీరు కలిసి 74 ఫిరంగుల ఓడను దూరంగా ఉంచాయి.

విశాఖకు లోపలి రేవు 1933లో తెరుచుకుంది. సముద్రపు ఇసుక రేవు ముఖంలో మేట వేయకుండా ఆపడానికి జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను అక్కడ కావాలనే ముంచి, అడ్డుగట్టుగా వాడుకున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ రేవు ముఖం దగ్గరే మునిగిపోయింది. ఒడ్డున గోడ కట్టి రేవును కాచే కాలం అప్పటికే పోయింది.

ఇప్పుడు బందరులో

మచిలీపట్నం పక్కన మంగినపూడిలో 2023 మే నుంచి కొత్త లోతు రేవు పని సాగుతోంది. రాతి అడ్డుగట్లు కట్టి అలలను ఆపడం, సముద్రపు అడుగును తవ్వి పెద్ద ఓడకు దారి చేయడం అక్కడ అసలు పని. ఒకప్పుడు పెద్ద ఓడలను దూరంగా ఆపిన ఆ లోతు తక్కువ తీరాన్నే ఈనాడు ఇంజినీర్లు తవ్వి లోతు చేస్తున్నారు. నిజామాబాద్‌లో 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా మొదలైంది. ఆ రేవు పూర్తయితే మన పసుపు కొమ్ములు ఓడ ఎక్కడానికి బందరు దారి ఒకటి మళ్లీ తెరుచుకుంటుంది. ఆ దారి ఖర్చు మన రైతుకు కలిసొచ్చేలా ఉండాలని బోర్డు ఇప్పటి నుంచే పట్టుబట్టాలి.

హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి నేరుగా మచిలీపట్నం చేరుస్తుంది. ఊళ్లో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి సమాధులు చూడదగ్గవి. రాళ్ల మీద డచ్చి రాతలు, వంశచిహ్నాలు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి. అక్కడి నుంచి బందరుకోట వైపు వెళ్తే ఉప్పుటేరు, మడ చెట్లు, వాటి మధ్య బురద నేల కనిపిస్తాయి. వెళ్లేవాళ్లు ఆటుపోట్ల వేళలు ముందుగా అక్కడి పల్లెకారులను అడిగి తెలుసుకోండి. నీరు తీసినప్పుడు చూస్తే ఫోర్డ్ ఆ అర్ధరాత్రినే ఎందుకు ఎంచుకున్నాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.